రిటైరయ్యాక చిన్న ఊరికి మారాలనుందా? ముందు మే నెలలో వెళ్లి చూడండి

మేము చేసిన మొదటి తప్పు అక్టోబరులో ఊరు చూడటం. వానలు పడి పెన్నలో నీళ్లున్న రోజులు, గండికోట అంచున నిలబడి మా ఆవిడ "ఇక్కడే ఉండిపోదామా" అంది, నేను వెంటనే తలూపేశాను. జమ్మలమడుగులో మిద్దె మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఫిబ్రవరి దాకా స్వర్గమే, మబ్బులోనే లేచి స్కూటర్ మీద కోటకో, మైలవరం డ్యాం వైపో పోయి గంటన్నర నడిచి, వచ్చేటప్పుడు దారిలో ఉగ్గాని బజ్జీ తిని ఇంటికి చేరేవాళ్లం. మార్చి చివర్లో కథ మారింది. ఆ ప్రాంతమంతా నాపరాయి కదా, మా ఇంటికి నేలా అదే, గోడలూ అవే, పగలంతా తాగిన ఎండని రాత్రి రెండింటిదాకా మన మీదే కక్కుతాయి. పొద్దున ఏడున్నరకే బయట కాలు పెట్టలేం. బయట తిరగడానికని ఊరు మారి, మూడు నెలలు ఏసీ గదిలో టీవీ చూస్తూ కూర్చున్నాం!

అందుకే రిటైరయ్యాక మన సీమలో ఊరు వెతికేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. మే నెలలో వెళ్లండి, లాడ్జిలో వారం రోజులు ఉండండి, రోజూ పొద్దునా సాయంత్రం నడవండి. పగటి ఎండ ఎక్కడైనా మండుతుంది, దాన్ని పట్టించుకోకండి, రాత్రి పదింటికి మిద్దె మీద గాలి ఎలా ఉందో చూడండి, అసలు తేడా అక్కడే తెలుస్తుంది. దీనికి ఊరి ఎత్తు కూడా కారణం. కడప సముద్రమట్టానికి సుమారు 140 మీటర్ల ఎత్తులో ఉంటే హిందూపురం 620 దగ్గర, మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. మ్యాపులో అన్నీ సీమలోనే కనిపిస్తాయి గానీ మే రాత్రి నిద్రలో ఆ ఎత్తు తెలుస్తుంది.

రెండోది నీళ్లు. ఇక్కడ ఇంటి ఓనరు మాట అస్సలు నమ్మొద్దు. "మా బోరు ఎప్పుడూ ఎండలేదు సార్" అని అందరూ అంటారు. ట్యాంకరు డ్రైవరుని పట్టుకుని ఏ వీధికి ఎన్ని ట్రిప్పులు వేస్తాడో అడగండి, అతనికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. పాత అనంతపురం జిల్లాలో వాన తక్కువ, బోర్లు లోతు, చాలాచోట్ల నీళ్లలో ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్ల తరబడి తాగేవాళ్ల పళ్లకీ ఎముకలకీ చేటు. అరవై దాటి, మోకాళ్ల మీద ఆశ పెట్టుకుని కొండలెక్కుదామనుకునేవాళ్లు ఒక సీసా నీళ్లు పట్టుకెళ్లి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇక నడక. ఊరికి చెరువు కట్ట ఉందా, కాలువ గట్టు ఉందా, పార్కు ఉంటే పొద్దున ఐదింటికి గేటు తీస్తారా? ఈ మూడింట్లో ఒకటైనా ఉండాలి. లేకపోతే హైవే పక్కన లారీల పొగలో నడవాల్సిందే. నంద్యాల, మైదుకూరు వైపు కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్లు నాకు భలే ఇష్టం, ఎత్తుపల్లాలు లేని దారి, ఇటూ అటూ వరి. కొండ కావాలంటే గుత్తి కోట, పెనుకొండ కోట ఉన్నాయి, వారానికి రెండుసార్లు ఎక్కితే జిమ్ము అక్కర్లేదు. కానీ పెనుకొండ, కళ్యాణదుర్గం గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, సీతాఫలాల కాలంలో మరీ జాగ్రత్త. బాగా తెల్లారాకే ఎక్కండి, ఒంటరిగా వద్దు.

సిద్ధవటం కూడా చూశాం. కోట, పెన్న, వెనక లంకమల కొండలు, ఊరు చాలా ప్రశాంతం. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో ఆ చుట్టుపక్కలే మళ్లీ కనబడింది. దాన్ని చూస్తానని నేను బైనాక్యులర్ కూడా కొన్నాను, తర్వాత తెలిసింది అది రాత్రిపూట తిరిగే పక్షని, నేనేమో తొమ్మిదికే పడుకునే మనిషిని. పైగా ఆ లంకమల అభయారణ్యం, ఎర్రచందనం ఉన్న అడవి. అనుమతి లేకుండా సంచి తగిలించుకుని లోపలికి నడిచారంటే, మీ తెల్ల వెంట్రుకలు చూసి ఎవరూ వదిలిపెట్టరు.

ఆసుపత్రి గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. మధ్యలో ఆరు నెలలు ఇంకో ఊళ్లో ఉన్నాం, పేరెందుకు లెండి. మా ఆవిడ మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. దగ్గర్లోని నర్సింగ్‌హోముకి పరుగెత్తాం. ఎక్స్‌రే మిషను ఉంది, అది తీసే అబ్బాయి మర్నాడు పది గంటలకు వస్తాడన్నారు. రాత్రంతా ఆమె మూలుగుతుంటే నేను గోడలు చూస్తూ కూర్చున్నాను. అప్పటినుంచి నా లెక్క ఒకటే: రాత్రి పదకొండింటికి బండి తీసి, ఆ ఊరినుంచి గుండె డాక్టరున్న పెద్దాసుపత్రికి నిజంగా ప్రయాణం చేసి చూడాలి. గంట దాటితే ఆ ఊరు వద్దు. కర్నూలు, కడప, అనంతపురం మూడుచోట్లా ప్రభుత్వ పెద్దాసుపత్రులున్నాయి, పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా వైద్యం చేసే సూపర్ స్పెషాలిటీ ఉంది. డెబ్బై నిండినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు కదా, అది ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే కనుక్కోండి.

ప్రశాంతత అంటారా, అది రోజుని బట్టి ఉంటుంది. మామూలు రోజుల్లో ఒంటిమిట్ట ఎంత నిశ్శబ్దమో, రాములవారి కల్యాణం నాడు అంత కిక్కిరిసిపోతుంది. మహానందికి శివరాత్రి, పుట్టపర్తికి నవంబరులో సాయిబాబా పుట్టినరోజు. అది ఏడాదికి కొన్నాళ్లే, నాకైతే ఆ సందడి బాగుంటుంది కూడా. రోజూ ఉండే చప్పుడు వేరు, రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ పక్కన ఇల్లు తీసుకుంటే పండగలతో సంబంధం లేకుండా చెవులు పోతాయి.

మనుషుల సంగతి తేలికే. హైస్కూలు గ్రౌండుకి పొద్దున్నే వెళ్లి షటిల్ ఆడేవాళ్లని పలకరిస్తే వారంలో కలిసిపోతారు. నెలలోపు మీరు "సారు" అయిపోతారు, బ్యాంకు ఫారాలన్నీ మీ దగ్గరికే వస్తాయి.

స్థలం మాత్రం తొందరపడి కొనకండి. కనీసం ఒక ఏడాది అద్దెకుండండి. తోటకి అరెకరం చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే, డీకేటీ పట్టానా (ప్రభుత్వం పంచిన భూమి), చుక్కల భూమా (రికార్డులో యజమాని పేరు బదులు చుక్కలున్నది) అని అడగండి, ఈసీ (ఆ స్థలం అమ్మకాలు, తాకట్ల వివరాలుండే కాగితం) తీయించి లాయరుకి చూపించాకే అడ్వాన్సు.

ఇప్పుడు మేం పెనుకొండలో ఉన్నాం. రైలుంది, హైవే ఉంది, పుట్టపర్తి దగ్గర, అవసరమైతే బెంగళూరు మూడు గంటల్లోపే. రెండు ఎండాకాలాలు అయ్యాయి, ఇంకా అద్దింట్లోనే. పక్కనున్న ఐదు సెంట్ల స్థలం కొనమని ఓనరు ప్రతి నెలా అడుగుతాడు. ఇంకో మే చూశాక చెప్తామని మా ఆవిడ ప్రతి నెలా అదే జవాబు చెప్తుంది.