లిపిడ్ నానో కణాలతో పిచికారీ: ముందు చూసుకోవాల్సినవి

• లిపిడ్ నానో కణాలంటే పంట మందును లోపల మోసుకెళ్లే అతి చిన్న కొవ్వు బుడగలు. ముందు ఆ మందు సీసా మూత తీసి చూడండి. సోయా లెసిథిన్ లాంటి సహజ కొవ్వులతో చేసిన ఈ సూక్ష్మ బుడగలు గాలి, ఎండ, వేడి తగిలితే చెడతాయి. పాత నూనె వాసన వచ్చినా, గడ్డలు కట్టినా వాడొద్దు. గడ్డకట్టే చలిలోనూ ఉంచొద్దు, మంచు స్ఫటికాలు బుడగ పొరను చీల్చేస్తాయి.

• ఎక్కువగా పాడయ్యేది ట్యాంకులోనే. సబ్బు, డిటర్జెంట్, జిగురు మందు ఏ కాస్త మిగిలినా కొవ్వు పొర కరిగిపోవచ్చు. అప్పుడు మీరు కొట్టేది మామూలు మందే, ఖర్చు మాత్రం నానోది! నీళ్లలో కాల్షియం ఎక్కువైతే కణాలు గుంపుకట్టవచ్చు. కాబట్టి ముందు గాజు సీసాలో కొద్దిగా కలిపి, అరగంట ఆగి చూడండి.

• జిబ్బరెల్లిక్ ఆమ్లం లాంటి మొక్కల పెరుగుదల హార్మోన్లు పీపీఎంలలోనే (పది లక్షల వంతుల్లో కొన్ని వంతులు) పనిచేస్తాయి. ఈ కణాలు ఆకులోకి మందును మరింతగా చేర్చగలవు కనుక పాత మోతాదునే గుడ్డిగా వాడకండి. లేబుల్ చూసి, ముందు కొన్ని మొక్కల మీదే కొట్టండి. వీలైతే పక్కనే మందులేని ఖాళీ కణాలు కొట్టిన వరుస ఒకటి ఉండాలి. లేకుంటే పెరుగుదల దేనివల్లో తేలదు.

• మాస్క్, చేతి తొడుగులు తప్పనిసరి. సహజమైనదైనా తుంపర ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

• గాలి, వాన లేని చల్లటి ఉదయం చూసుకోండి.