ఐబీఎస్: ఏ బాధ ఎందుకు వస్తోంది, ఏం మార్చాలి

ఎండోస్కోపీ బాగానే ఉంది, స్కానింగ్‌లో ఏమీ లేదు, రక్తపరీక్షలూ నార్మల్. అయినా కడుపులో మెలిపెడుతుంది. ఎక్కడికెళ్లినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవాల్సి వస్తుంది. డాక్టరు చీటీలో ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని రాస్తారు, ఇంట్లోవాళ్లు "గ్యాస్ ట్రబులే కదా" అంటారు. పేగులో పుండు, గడ్డ ఏమీ ఉండవు. పేగు కదలిక తీరు మారుతుంది, పేగు నరాలు అతిగా స్పందిస్తాయి. పక్కవాళ్లకు తెలియను కూడా తెలియని కాస్త గ్యాసే ఈ పేగుకు నొప్పి అవుతుంది.

కింద రాసినవి ఐబీఎస్ అని డాక్టరు తేల్చినవాళ్లకు మాత్రమే. మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, 50 దాటాక కొత్తగా మొదలైన బాధ: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తిండి మార్పులతో కాలక్షేపం చేయకండి. పేగు టీబీ, క్రోన్స్ (పేగు వాచే జబ్బు), సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) లాంటివి కూడా మొదట్లో ఇలాగే కనిపిస్తాయి.

పొద్దున బాగానే ఉండి, సాయంత్రానికి కడుపు ఉబ్బిపోతుంటే

అందరూ ముందు కారాన్నీ నూనెనూ అనుమానిస్తారు. నా లెక్కలో మొదట పట్టుకోవాల్సింది ఉల్లి, వెల్లుల్లి. వీటిలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలను మనిషి చిన్నపేగు అరిగించుకోలేదు. అవి పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. గోధుమలో ఉన్నవీ ఇవే. "రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటున్నా, అయినా ఉబ్బరం తగ్గట్లేదు" అనే మాట తరచూ వింటుంటాం. షుగరు సంగతి వేరు గానీ, ఐబీఎస్ పేగుకు చపాతీ కన్నా అన్నమే తేలిక.

రాజ్మా, శనగలు, అలసందలు, కందిపప్పులో గెలాక్టాన్లు ఉంటాయి, వాటిదీ ఇదే దారి. ఇలాంటి పదార్థాలన్నిటికీ మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు పెట్టిన పేరు ఫాడ్‌మ్యాప్. వాళ్ల పద్ధతిలో రెండు నుంచి ఆరు వారాలు వీటిని బాగా తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తెచ్చుకోవాలి. రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. అసలు మీకు పడనిదేదో తేలేది అక్కడే.

వెల్లుల్లి లేకపోతే చారేం చారు అంటారా? ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే పులుసులో ఉడికిన ఉల్లిముక్కలను ఏరి పక్కన పెట్టినా లాభం లేదు, దిగాల్సింది పులుసులోకి దిగిపోయింది. తిరగమోతకు మాత్రం నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, ఎర్రగా వేగాక తీసేయండి. ఆ తర్వాతే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, చివర చిటికెడు ఇంగువ. వాసన అంతా నూనెలోనే ఉంటుంది. ఈ నూనె ఏ పూటకాపూటే చేసుకోవాలి. సీసాలో పోసి గట్టు మీద ఉంచితే ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరగొచ్చు. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం వాడుకోవచ్చు.

పప్పు పూర్తిగా మానక్కర్లేదు. కందిపప్పు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండండి. కలుపుకునేది గరిటెడుతో ఆపండి. తేలికని పెట్టే పప్పుకట్టు చారు ఇక్కడ అంత తేలిక కాదు, పప్పులోని గెలాక్టాన్లు కొంత ఆ కట్టులోకే దిగుతాయి.

తినగానే, లేదా బయల్దేరే ముందు పరుగు పెట్టాల్సి వస్తే

పొట్టలో తిండి పడగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉన్నదే. పొద్దున్నే అది మరీ బలంగా ఉంటుంది. ఐబీఎస్‌లో అదే శ్రుతి మించుతుంది. పరగడుపున చిక్కటి కాఫీ, నూనె ఓడే పూరీ, ఒకేసారి కడుపు నిండా తినడం దాన్ని ఇంకా రెచ్చగొడతాయి. అరగంట ముందు లేచి, రెండు ఇడ్లీలు తిని, బాత్రూమ్ పని తీరిగ్గా కానివ్వండి. బస్సు ప్రయాణం ఉందని పగలంతా పస్తుండి రాత్రి పెళ్లిభోజనం లాగించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అదే తిండిని నాలుగైదు సార్లుగా తినండి.

పాలూ కారణం కావచ్చు. రెండు వారాలు పాలు, టీ, పాయసం ఆపి చూస్తే తెలిసిపోతుంది. అవి పడనివాళ్లకు కూడా పెరుగు, మజ్జిగ చాలావరకు పడతాయి, తోడుకునేటప్పుడు పాలలోని చక్కెర లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి.

పరీక్షలు, ఇంటర్వ్యూల రోజుల్లోనే బాధ ఎక్కువైతే టెన్షన్ వాటా పెద్దదని అర్థం. అప్పుడు వంటింట్లో ఎన్ని మార్చినా కొంతవరకే. రోజూ నడక, వేళకు నిద్ర దానికంటే ఎక్కువ పనిచేస్తాయి.

మోషన్ సరిగ్గా రాకపోతే

పీచు తినమంటారు, తవుడు రొట్టెలు మొదలుపెడతారు, కడుపు ఇంకా బిగుస్తుంది. గోధుమ తవుడులోది నీటిలో కరగని పీచు, ఐబీఎస్‌కు అది తరచూ పడదు. ఇసబ్‌గోల్ పడుతుంది. ఒక చెంచాతో మొదలుపెట్టి, నిండు గ్లాసు నీళ్లతో తాగి, వారం తర్వాత పెంచండి. వేరే మాత్రలకూ దీనికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచండి. కమోడ్ వాడేవాళ్లు కాళ్లకింద చిన్న పీట వేసుకుంటే సులువవుతుంది. ఫోను బయటే వదిలేయండి. ఐరన్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కూడా మలబద్ధకం తెస్తాయి, డాక్టరుకు చెప్పండి.

అన్నీ మానేసినా తగ్గకపోతే

కొందరు ఒక్కొక్కటీ మానేస్తూ చివరికి పెరుగన్నం దగ్గర ఆగిపోతారు. అక్కడిదాకా వెళ్లకముందే, మానకుండా మిగిలిపోయినవేమిటో చూడండి. పరగడుపున తేనె నీళ్లు, యాపిల్, మామిడిపండు, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ మంచివనుకుంటూ తీసుకునేవే. వీటిలోని ఫ్రక్టోజ్, సార్బిటాల్ అనే తీపి పదార్థాలు సరిగ్గా ఆ పేగుకే పడవు. మెడికల్ షాపులో కొనే ఎసిడిటీ మాత్రలు జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి గానీ పెద్దపేగు బాధను తగ్గించవు.

అప్పటికీ తగ్గకపోతే పేగు పట్టేయడాన్ని సడలించే మందులున్నాయి. డిప్రెషన్‌కు వాడే అమిట్రిప్టిలిన్‌ను తక్కువ డోసులో రాయడమూ ఉంది. ఇంటర్నెట్‌లో దాని పేరు కొట్టి చూసి "నాకు డిప్రెషన్ అనుకున్నాడా" అని చీటీ చింపేసేవాళ్లున్నారు. పేగు నరాల సున్నితత్వం తగ్గించడానికే ఆ డోసు. రాత్రిపూట వేసుకోమంటారు, ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మగతగా ఉన్నా, మలం గట్టిపడినా మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టరుతో మాట్లాడి డోసు మార్పించుకోండి.