రీగా ‘బ్రాల్యు కపి’లో నివాళి: పూలు, దీపం, రిబ్బన్

‘కపి’ అంటే లాట్వియన్ భాషలో సమాధులు, ‘బ్రాల్యు కపి’ అంటే సోదరుల సమాధులు. ఇది లాట్వియా రాజధాని రీగాలోని సైనిక శ్మశానం. 1915లో ఇక్కడ మొదటి లాట్వియన్ రైఫిల్‌మెన్‌ను, అంటే మొదటి ప్రపంచయుద్ధంలో రష్యన్ సైన్యం తరఫున పోరాడిన లాట్వియన్ సైనికులను, ఖననం చేశారు. శిల్పి కార్లిస్ జాలె చేతిలో 1924–36 మధ్య ఇప్పటి రూపం వచ్చింది. రీగాలో చదువుకుంటున్న మనవాళ్లు వెళ్లాలనుకుంటే నవంబర్ 11 సరైన రోజు. 1919లో రీగాపై దాడిచేసిన జర్మన్-రష్యన్ దళాలను (బెర్మంట్ సేనను) లాట్వియన్లు అక్కడి నుంచి తరిమింది ఆ రోజే.

ఎక్కువమంది తప్పు చేసేది పూల దగ్గర. చనిపోయినవారికి సరిసంఖ్యలోనే ఇవ్వాలి: రెండు, నాలుగు, ఆరు. బేసి సంఖ్య పుట్టినరోజులకు. మన నూటపదహార్లు సరిసంఖ్యే కాబట్టి మనకిది తట్టదు. సమాధికని చెప్పకపోతే కొట్టువాళ్లు మూడో అయిదో కట్టి ఇచ్చేస్తారు. కాడకు ఒకే పువ్వుండే చామంతులు తీసుకుంటే లెక్కలో గొడవుండదు. పైనున్న ప్లాస్టిక్ కాగితం తీసేసి పెట్టండి.

దీపానికి మామూలు కొవ్వొత్తి పనికిరాదు. నవంబర్ గాలికి నిమిషం నిలవదు, కారిన మైనం గుల్లగుల్లగా ఉండే అక్కడి సున్నపురాయిలోకి ఇంకి మరకవుతుంది. గిన్నెలో పోసి, చిల్లుల మూత పెట్టిన సమాధి కొవ్వొత్తి సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతుంది. వత్తి లోతుకు పోతుంది, పొడుగు మూతి లైటర్ పట్టుకెళ్లండి. గోడ అంచున కాక నేలమీద పెట్టండి.

ఆ రోజు రొమ్ముమీద పెట్టుకునే రిబ్బన్‌కు లాట్వియా జెండా రంగులే: ముదురెరుపు, తెలుపు, ముదురెరుపు. పట్టీల వెడల్పు 2:1:2. అంటే 15 మిల్లీమీటర్ల రిబ్బన్‌లో 6, 3, 6. మధ్యలో మడిచి, మొన పైకి, రెండు కొసలు కిందికి వచ్చేలా ఎడమ రొమ్ముమీద పిన్ను పెట్టాలి. తలకిందులుగా పెట్టుకున్నవాళ్లు ఏటా కనిపిస్తారు.

11వ నంబరు ట్రామ్ ఎక్కి ‘బ్రాల్యు కపి’ స్టాప్‌లో దిగండి. సాయంత్రం నాలుగుంబావుకే పొద్దుగూకుతుంది, రాళ్లమీద పేర్లు చదవాలంటే మధ్యాహ్నమే చేరాలి. గుర్రపురౌతుల ద్వారం దాటి చెట్లబాటలో నడిస్తే అఖండజ్యోతి ఉన్న వేదిక, దాని కింద సమాధులు, చిట్టచివర ‘మాతృమూర్తి లాట్వియా’ విగ్రహం.

ఫలానా సైనికుడి సమాధి వెతుకుతుంటే తేదీల దగ్గర జాగ్రత్త. అప్పుడు లాట్వియా ఉన్న రష్యన్ సామ్రాజ్యపు పాత క్యాలెండర్ ఇప్పటిదానికి 13 రోజులు వెనక. ఈ రైఫిల్‌మెన్ జర్మన్లతో చేసిన ‘క్రిస్మస్ పోరాటాలు’ పాత లెక్కలో 1916 డిసెంబర్ 23న, కొత్త లెక్కలో 1917 జనవరి 5న మొదలయ్యాయి. సంవత్సరమే మారిపోతుంది కనుక రెండు తేదీలూ రాసుకుని వెళ్లండి.