పోర్టును చదవడం – 3వ పాఠం: పెత్తనం ఎవరిదో పట్టుకోవడం

కిందటి పాఠంలో ఇన్నర్ హార్బర్, ఔటర్ హార్బర్, బెర్తుల (ఓడలు ఆగి సరుకు దించే, ఎక్కించే చోట్ల) సంగతి చూశాం. అవి కంటికి కనిపించేవి. పోర్టు మీద మాట చెల్లేది ఎవరిది, ఆ మాట చేతులు ఎలా మారుతుంది అనేది కనిపించదు. దాన్ని పట్టుకోవడమే ఈ వారం పని. ఉదాహరణకు మళ్లీ విశాఖపట్నమే తీసుకుంటున్నాను. తొంభై ఏళ్లలో రావాల్సిన మార్పులు దాదాపు అన్నీ అక్కడ వచ్చాయి.

నోటుబుక్కులో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఓడ మీద, సరుకు మీద ఎంత వసూలు చేయాలో చెప్పేది ఎవరు? పోర్టు భూమిని, బెర్తును ఇంకొకరికి ఇవ్వగలిగేది ఎవరు? కళాసీకి, క్రేను నడిపే మనిషికి జీతం ఇచ్చేది ఎవరు? గేటు మీది పేరు, ప్రారంభోత్సవ శిలాఫలకం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఏ సంవత్సరానికైనా ఈ మూడింటికీ జవాబు రాయగలిగితే ఆనాటి పాలన మీకు అర్థమైనట్టే.

మొదటి నుంచి వద్దాం. 1933కి ముందు విశాఖలో పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేసుకుంటే మసూలా పడవలు అలలు దాటి సరుకు చేరవేసేవి. లోపలి ప్రాంతాల మాంగనీసు ఖనిజానికి సముద్రం దారి కావాల్సి వచ్చింది. రాయపూర్–విజయనగరం రైలు మార్గం వేశారు, గెడ్డ (వాగు) సముద్రంలో కలిసేచోట బురద తవ్వి హార్బర్ కట్టారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించారు. అప్పట్లో పోర్టును నడిపింది బెంగాల్ నాగపూర్ రైల్వే. ఈ ఒక్క విషయాన్ని గుర్తుపెట్టుకోండి. రైలు పట్టా ఆగినచోట పుట్టిన పోర్టు ఇది. పోర్టు బోర్డులో రైల్వేకి నేటికీ ఒక కుర్చీ ఉంది.

తర్వాత కొన్నేళ్లు అది నేరుగా కేంద్ర ప్రభుత్వ శాఖల కింద నడిచింది. 1963 నాటి మేజర్ పోర్ట్ ట్రస్టుల చట్టంతో 1964 ఫిబ్రవరిలో విశాఖపట్నం పోర్ట్ ట్రస్ట్ ఏర్పడింది. ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ చట్టం ప్రకారం విశాఖ లాంటి పోర్టు బోర్డులో 17 మంది ట్రస్టీల వరకూ ఉండొచ్చు. కస్టమ్స్, రైల్వే, రక్షణ శాఖ, రాష్ట్ర ప్రభుత్వం, కార్మికులు, ఓడల యజమానులు, సరుకు పంపేవాళ్లు, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. పోర్టును వాడుకునేవాడే పోర్టు ధర గురించి మాట్లాడగలిగే ఏర్పాటు అది. నిర్ణయాలు ఆలస్యమవుతాయని దాన్ని చాలామంది తిట్టారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ బల్ల దగ్గర వినిపించిన గొంతుల విలువను తక్కువ చేసి చూడటం నాకు మనసొప్పదు.

ఇప్పుడు ఒక ఓడను దగ్గర నుంచి చూద్దాం. ఔటర్ హార్బర్‌లోకి కంటైనర్ ఓడ వస్తోంది. ఎదురెళ్లి ఓడ ఎక్కి దాన్ని లోపలికి తెచ్చే పైలట్ పోర్టు మనిషి. కంటైనర్‌ను పైకి లేపే క్రేను మాత్రం 2003లో మొదలైన ప్రైవేటు టెర్మినల్‌ది. ఆ టెర్మినల్ నిలబడిన నేల మళ్లీ పోర్టుదే. కంటైనర్ బయటికి పోవాలంటే కస్టమ్స్ ఒప్పుకోవాలి. ఒక్క ఓడ, ముగ్గురి చేతులు. మొదట్లో సరుకు తానే దించిన సంస్థ మెల్లగా భూస్వామి అయింది. 2021 వరకూ పేరు 1964 నాటిదే, చేసే పని వేరు. ఇది మొదటి రకం మార్పు, దీన్ని పేరు నిలిచి పని మారడం అని రాసుకోండి.

రెండో రకం మార్పు పొర మీద పొర పడటం. 1997లో చట్టాన్ని సవరించి మేజర్ పోర్టుల ధరలు ఖరారు చేయడానికి ట్యాంప్ అనే వేరే సంస్థను పెట్టారు. ట్రస్టును తీసేయలేదు, దాని చేతిలోంచి ఒక్క ధరల అధికారాన్ని తీసుకున్నారు. మన మొదటి ప్రశ్నకు జవాబు మారింది, మిగతా రెండూ అలాగే ఉన్నాయి. ఇలాంటి చోటే చదివేవాళ్లు తడబడతారు. అంతా మారిందనో, ఏమీ మారలేదనో అనేస్తారు.

మూడోది పాతది తీసి కొత్తది పెట్టడం. 2021 మేజర్ పోర్ట్ అథారిటీల చట్టం ఆ ఏడాది నవంబరు 3న అమల్లోకి వచ్చింది. ట్రస్ట్ కాస్తా అథారిటీ అయింది. ధరల అధికారం ట్యాంప్ నుంచి బోర్డుకు తిరిగి వచ్చింది. చట్టం వచ్చాక కుదిరే పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య) ఒప్పందాల్లో అయితే మార్కెట్‌ను బట్టి టెర్మినల్ కంపెనీయే ధర పెట్టుకోవచ్చు. బోర్డు 11 నుంచి 13 మందికి తగ్గింది. పాత, కొత్త జాబితాలు పక్కపక్కన రాసి చూడండి. కార్మికుల కుర్చీలు రెండూ మిగిలాయి. ఓడల యజమానులకు, సరుకుదారులకు ఉన్న కుర్చీలు పోయి ఇండిపెండెంట్ సభ్యులు వచ్చారు. తగ్గిన సంఖ్య కన్నా నాకు ఇదే పెద్ద మార్పు.

ఇక అభ్యాసం. విశాఖకు దక్షిణంగా, అదే తీరంలో గంగవరం పోర్టు ఉంది. ఆ మూడు ప్రశ్నలూ దానికి వేయండి. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ‘మేజర్’ అంటే పెద్దది అని అర్థం కాదు, కేంద్రం అలా ప్రకటించిన పోర్టు అని మాత్రమే. గుజరాత్‌లోని ముంద్రా దేశంలోనే అతిపెద్ద పోర్టుల్లో ఒకటి, అయినా చట్టం దృష్టిలో మేజర్ కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మేజర్ పోర్టులు కేంద్ర జాబితాలో, మిగతావి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. గంగవరం ఏ జాబితాలోకి వస్తుందో ముందు తేల్చుకోండి. భూమి ప్రశ్నకు జవాబుగా మీ నోటుబుక్కులో ‘కేంద్రం’ అని కనిపిస్తే, దాన్ని కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి.