స్టీల్ ఫైబర్ ఫ్లోరులో యాంకర్ బోల్టులు: డ్రిల్లింగ్ నుంచి లోడ్ టెస్ట్ దాకా

శ్రీసిటీ, రేణిగుంట వైపు గోదాముల్లో రాక్‌లు, మెషీన్లను యాంకర్ బోల్టులతో (కాంక్రీటులో రంధ్రం వేసి దించే బోల్టులు) ఫ్లోరుకు బిగించేవాళ్లు ముందుగా ఆ కాంక్రీటులో ఏ ఫైబర్ (పోగులు) కలిపారో కనుక్కోవాలి. ఘనమీటరుకు కిలోలోపే వేసే సన్నటి పాలీప్రొపిలీన్ పోగులు తడి కాంక్రీటు ఆరేటప్పుడు వచ్చే పగుళ్లను తగ్గిస్తాయంతే, బోల్టు బలానికి పనికిరావు. 20 నుంచి 40 కిలోల దాకా వేసే, కొసలు వంచిన స్టీల్ ఫైబర్ సంగతి వేరు.

బోల్టును లాగితే కాంక్రీటు గరాటు ఆకారంలో పెళ్లగిలి వస్తుంది. స్టీల్ పోగులు ఆ పగులును పట్టి ఉంచుతాయి కాబట్టి బోల్టు ఒక్కసారిగా ఊడిరాదు, బలం కూడా కొంత పెరుగుతుంది. అయితే బోల్టు తెగినా, బోల్టును అతికించే రెసిన్ (జిగురు) పట్టు వదిలినా, రంధ్రంలో విచ్చుకుని బోల్టును పట్టే వెడ్జ్ జారినా ఫైబర్ చేసేదేమీ లేదు. పైగా చాలా యాంకర్ల యూరోపియన్ అనుమతి పత్రాలు ఫైబర్ లేని కాంక్రీటుకే వర్తిస్తాయి. అందుకే లెక్క మామూలు కాంక్రీటుకే వేసి, ఫైబర్ ఇచ్చేదాన్ని అదనపు భద్రతగా వదిలేయడం మంచిది.

బలం కావాలంటే బోల్టు దించే లోతు పెంచండి. ఎం25 (25 మెగాపాస్కల్ బలమున్న) కాంక్రీటు, పగుళ్లున్న స్థితి, అంచులు దూరంగా ఉన్న ఒంటరి బోల్టు అనుకుంటే, 80 మి.మీ. లోతులో పెళ్లగిలే బలం సుమారు 24 కిలోన్యూటన్లు. 110 మి.మీ.కి అది 39 దాటుతుంది. ఇవి భద్రతా గుణకంతో ఇంకా భాగించని అంకెలు. ఈ బలం పూర్తిగా దక్కాలంటే అంచు నుంచి లోతుకు ఒకటిన్నర రెట్లు, బోల్టుకూ బోల్టుకూ మధ్య మూడు రెట్లు దూరం ఉండాలి. ఫ్లోరులో గాడిలా కోసిన జాయింటును కూడా అంచుగానే లెక్కించండి. రాక్ కాలి కింది బేస్ ప్లేటు జాయింటు మీద కూర్చోకూడదు.

అసలు తిప్పలు డ్రిల్లింగులోనే. గ్రానైట్ కంకర బిట్టును అరగదీస్తుంది, పోగులు దాన్ని పక్కకు తోస్తాయి. రెండంచుల బిట్టు పోగుకు తగులుకుని మిషన్‌ను చేతిలోంచి తిప్పేస్తుంది. నాలుగంచుల కార్బైడ్ బిట్టు వాడండి, సైడ్ హ్యాండిల్ వదలకండి. బిట్టు ఊగితే రంధ్రం వెడల్పవుతుంది. అప్పుడు నట్టు తిప్పితే వెడ్జ్ బోల్టు కూడా తిరుగుతుంది, టార్క్ (బిగింపు బలం) రాదు. అలాంటి రంధ్రాన్ని అధిక బలమున్న గ్రౌటుతో పూడ్చి, దాని లోతుకు రెండు రెట్ల దూరంలో కొత్తది వేయాలి. కింద కడ్డీలు కూడా ఉంటే, వాటిని వెతికే డిటెక్టర్‌ను గుడ్డిగా నమ్మొద్దు, స్టీల్ ఫైబర్ దాని రీడింగును గందరగోళం చేస్తుంది.

ఎం12 (12 మి.మీ. మందం) కెమికల్ యాంకర్‌కు, అంటే రెసిన్‌తో అతికించే బోల్టుకు, సాధారణంగా 14 మి.మీ. రంధ్రం. అడుగు నుంచి రెండుసార్లు గాలి ఊది, రెండుసార్లు వైర్ బ్రష్ తిప్పి, మళ్లీ రెండుసార్లు ఊదాలి. తయారీదారు ఎక్కువసార్లు చెబితే అలాగే చేయాలి. రంధ్రం గోడల్లోంచి పొడుచుకొచ్చిన పోగుల వెనక దుమ్ము నిలిచిపోతుంది, రెసిన్ ఆ దుమ్ముకే అంటుకుంటుంది. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి, తెగిన పోగులు సూదుల్లా ఎగురుతాయి.

కార్ట్రిడ్జ్ (రెసిన్ గొట్టం) నుంచి మొదట వచ్చే రంగు కలవని రెసిన్‌ను పారబోయండి. రంధ్రాన్ని అడుగు నుంచి మూడింట రెండొంతులు నింపి, స్టడ్‌ను (మరలున్న బోల్టు కడ్డీని) తిప్పుతూ దించండి. తిరుపతి మే నెల ఎండలో రెసిన్ నాజిల్‌లోనే గట్టిపడుతుంది. పెట్టెను నీడలో ఉంచి, పొద్దున్నే పని మొదలుపెట్టండి. గట్టిపడే సమయం లేబుల్ మీద చూసుకుని, అది పూర్తయ్యాకే టార్క్ రెంచ్‌తో బిగించండి. ఎం12కు చాలా రకాల్లో గరిష్ఠం 40 న్యూటన్ మీటర్లు.

తర్వాత కనీసం మూడు బోల్టులను వాడకపు లోడుకు ఒకటిన్నర రెట్లతో లాగి చూడండి. బోల్టును లాగే జాక్ కాళ్లు బోల్టుకు ఆనుకుని ఉంటే ఆ టెస్టు రెసిన్ పట్టునే చెబుతుంది. కాంక్రీటు పెళ్లగిలే బలం తెలియాలంటే కాళ్లు లోతుకు ఒకటిన్నర రెట్ల అవతల ఉండాలి.