సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ప్రాజెక్టుకి బ్యాచ్ వేశారా? సెమిస్టర్ మొత్తం ఎలా నడపాలో ఇక్కడ చూడండి

బీటెక్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అనగానే వాటర్‌ఫాల్ మోడల్ బొమ్మ, స్పైరల్ మోడల్ బొమ్మ, కోకోమో ఫార్ములా (ప్రాజెక్ట్‌కి ఎంత పని పడుద్దో లెక్కేసేది) ఇవే గుర్తొస్తాయి చాలామందికి. దాని పక్కనే ల్యాబ్ అనో మినీ ప్రాజెక్ట్ అనో నలుగురితో ఒక బ్యాచ్ వేస్తారు, ఈ రెండిటికీ సంబంధం ఉందని ఎవరూ గట్టిగా చెప్పరు కాబట్టి థియరీ దారి థియరీది, ప్రాజెక్ట్ దారి ప్రాజెక్ట్‌ది అయిపోద్ది. కానీ ఈ సబ్జెక్ట్‌కి ఆ పేరు బాగా వాడుకలోకి వచ్చిందే 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో కాన్ఫరెన్స్ తర్వాత, పెద్ద సాఫ్ట్‌వేర్లు టైముకి రావట్లేదు, బడ్జెట్ దాటిపోతున్నాయి, తప్పులతో వస్తున్నాయి, ఏం చేద్దాం అని కూర్చున్నారక్కడ. అంటే ఎక్కువమంది కలిసి ఒక పని చేసేటప్పుడు వచ్చే కష్టమే ఈ సబ్జెక్ట్, అది మీ బ్యాచ్‌లో నలుగురే ఉన్నా వస్తుంది, చూస్తూ ఉండండి.

నేను చెప్పేది ఒక్కటే. ఎంత చిన్నదైనా సరే రెండు మూడు వారాల్లో ఒకటి నడిచేలా చెయ్యండి, తర్వాత ప్రతి వారం అది నడుస్తూనే ఉండేలా చూసుకోండి. మిగతా సలహాలన్నీ దీని కోసమే.

ముందు మార్కులు ఎలా వేస్తారో కనుక్కోండి. కాలేజీని బట్టి మారుతుంది కానీ మామూలుగా టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ ఓకే చేయించుకోవడం, తర్వాత రెండు మూడు రివ్యూలు (ఒకదాంట్లో ఎస్ఆర్ఎస్, అంటే సాఫ్ట్‌వేర్ ఏమేం చెయ్యాలో రాసే డాక్యుమెంట్, ఒకదాంట్లో యూఎంఎల్ డిజైన్, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా కట్టారో చూపించే బొమ్మలు, ఒకదాంట్లో డెమో), చివర్లో రిపోర్ట్, వైవా. రివ్యూ షీట్‌లో ఏయే కాలమ్స్ ఉన్నాయో గైడ్‌ని మొదటి వారమే అడగండి, "సార్, రివ్యూలో దేనికి ఎన్ని మార్కులో ఒకసారి చెప్తారా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. చాలా బ్యాచ్‌లు ఇది అడక్కుండా డిజైన్ మార్కులన్నీ వదిలేసి లాగిన్ పేజీ రంగుల మీద రాత్రులు గడుపుతాయి.

టైటిల్ విషయంలో, మీరు వెళ్లి మాట్లాడగలిగిన మనిషి ఎవరికైనా పనికొచ్చేది తీసుకోండి. ఫేస్ రికగ్నిషన్, బ్లాక్‌చెయిన్ ఓటింగ్ లాంటివి వినడానికి బాగుంటాయి కానీ రిక్వైర్‌మెంట్స్ ఎవర్ని అడుగుతారు? ఉదాహరణకి హాస్టల్ ఔట్‌పాస్ యాప్ అనుకుందాం. స్టూడెంట్ అడుగుతాడు, వార్డెన్ ఓకే చేస్తారు, గేట్ దగ్గర సెక్యూరిటీ అన్న చూస్తాడు. ముగ్గురు యూజర్లు, ముగ్గురూ క్యాంపస్‌లోనే ఉన్నారు. వెళ్లి ఒక సాయంత్రం వార్డెన్ గారి దగ్గర కూర్చోండి, ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నాకే సంతకం పెడతారని, ఆయన సెలవులో ఉంటే ఇంకెవరో పెడతారని, రాత్రి లేటుగా వచ్చినవాళ్ల పేరు వేరే రిజిస్టర్‌లో రాస్తారని ఇలాంటివన్నీ బయటపడతాయి. రూమ్‌లో కూర్చుని ఊహించుకుంటే ఇవేవీ రావు.

ఎస్ఆర్ఎస్ రాసేది ఇలా తెలిసిన విషయాలతోనే. చాలా కాలేజీల్లో ఇప్పటికీ ఐఈఈఈ 830 ఫార్మాట్ ఇస్తారు, అది 1998 నాటిది, 2011లో దాని స్థానంలో 29148 అనే కొత్త స్టాండర్డ్ వచ్చింది, అయినా గైడ్ ఏది అడిగితే అదే వాడండి, దాని మీద వాదన అనవసరం. వాదించాల్సింది వాక్యాల మీద. "సిస్టమ్ ఫాస్ట్‌గా ఉండాలి" అని రాస్తే దాన్ని ఎవరూ టెస్ట్ చెయ్యలేరు. "వార్డెన్ ఓకే నొక్కిన 5 సెకన్లలో గేట్ స్క్రీన్ మీద ఆ పాస్ కనపడాలి" అని రాస్తే అదే రేపు మీ టెస్ట్ కేస్, అదే డెమోలో చూపించే పాయింట్. ప్రతి రిక్వైర్‌మెంట్‌కీ ఒక నంబర్ ఇవ్వండి, టెస్ట్ కేసుల టేబుల్‌లో అదే నంబర్ వేయండి, ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) ఎవరైనా ఇది చూస్తే వీళ్లు సొంతంగా చేశారని అర్థమైపోద్ది.

పని పంచుకోవడం దగ్గరే ఎక్కువ బ్యాచ్‌లు దెబ్బతింటాయి. ఒకడు ఫ్రంటెండ్, ఒకడు బ్యాకెండ్, ఒకరు డేటాబేస్, ఒకరు డాక్యుమెంటేషన్ అని పంచేస్తారు. అప్పుడు బ్యాకెండ్ వాడు ఆగితే అందరూ ఆగుతారు, డాక్యుమెంటేషన్ చేసినవాళ్లకి వైవాలో కోడ్ మీద ప్రశ్న వస్తే నోరు పెగలదు. పైగా ఆ డాక్యుమెంటేషన్, పీపీటీ పని ఎప్పుడూ బ్యాచ్‌లో ఉన్న అమ్మాయికే అంటగడతారు, "నీ రైటింగ్ బాగుంటది కదా" అని. ఇది తప్పు, అమ్మాయిలూ మీరు మొదటి మీటింగ్‌లోనే ఒప్పుకోకండి. పనిని ఫీచర్ల వారీగా పంచండి. పాస్ అడగడం ఒకరిది, వార్డెన్ అప్రూవల్ ఒకరిది, గేట్ చెకింగ్ ఒకరిది, లాగిన్‌తో పాటు లేటుగా వచ్చినవాళ్ల లిస్ట్ ఒకరిది. ఎవరి ఫీచర్‌కి వాళ్లే స్క్రీన్, డేటాబేస్ టేబుల్, టెస్టులు, రిపోర్ట్‌లో ఆ పేజీలు అన్నీ చూసుకోవాలి. అందరికీ అన్నీ కొంచెం కొంచెం వస్తాయి, ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో "నువ్వేం చేశావ్" అంటే చెప్పడానికి ఉంటుంది.

ఇక ఆ నడిచే చిన్న ముక్క. లాగిన్ కూడా లేకుండా ఒక బటన్ పెట్టండి, నొక్కితే డేటాబేస్‌లో ఒక పాస్ పడాలి, ఇంకో స్క్రీన్‌లో అది కనపడాలి, అది మీ ల్యాప్‌టాప్‌లో కాకుండా ఆన్‌లైన్‌లో ఒక లింక్‌లో ఓపెన్ అవ్వాలి. అంతే. చూడ్డానికి ఏమీ ఉండదు కానీ కలపడంలో వచ్చే తలనొప్పులన్నీ (ఒకడి దగ్గర ఒక వెర్షన్, ఇంకొకడి దగ్గర ఇంకో వెర్షన్, హోస్టింగ్‌లో డేటాబేస్ కనెక్ట్ అవ్వకపోవడం) ఇప్పుడే వచ్చి ఇప్పుడే పోతాయి. అందరూ విడివిడిగా రాసుకుని చివర్లో కలుపుదాం అనుకున్న బ్యాచ్ డెమో ముందు రాత్రి ఏ స్థితిలో ఉంటుందో మీ సీనియర్లని అడగండి.

గిట్ గురించి, అంటే కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే టూల్. కోడ్‌ని జిప్ చేసి వాట్సాప్ గ్రూప్‌లో పంపుకోవడం మొదటి రోజే ఆపేయండి. గిట్‌హబ్‌లో (ఆ కోడ్‌ని ఆన్‌లైన్‌లో ఉంచే సైట్) ఒక రిపో, అంటే ప్రాజెక్ట్ ఫోల్డర్, అందరూ కొలాబరేటర్లు, మెయిన్ బ్రాంచ్‌లోకి (అందరి కోడ్ కలిసే అసలు కాపీ) ఎవరూ డైరెక్ట్‌గా పుష్ చెయ్యకూడదు, ఎవరి బ్రాంచ్‌లో వాళ్లు చేసి పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు మెయిన్‌లో కలపండి అని అడగడం) పెట్టాలి, ఇంకొకరు చదివి మెర్జ్ చెయ్యాలి, అంటే కలపాలి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్, పాస్‌వర్డ్‌లుండే ఈఎన్‌వీ ఫైల్ ముందే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల లిస్ట్) పెట్టండి. పొరపాటున పాస్‌వర్డ్ పుష్ అయిపోతే తర్వాతి కమిట్‌లో (గిట్‌లో సేవ్ చేసే ఒక్కో మార్పు) తీసేస్తే సరిపోదు, పాత హిస్టరీలో ఉండిపోద్ది, ఆ పాస్‌వర్డే మార్చెయ్యాలి. ఇంకోటి, చాలామందికి తెలీదు, మీ ల్యాప్‌టాప్‌లో గిట్‌కి ఇచ్చిన ఈమెయిల్, మీ గిట్‌హబ్ అకౌంట్‌లో ఉన్న ఈమెయిల్ ఒకటి కాకపోతే మీ కమిట్స్ మీ అకౌంట్ పేరు మీద లెక్కలోకి రావు. గైడ్ కాంట్రిబ్యూషన్ గ్రాఫ్ చూసి మార్కులేస్తే మీరు చేసిన పనంతా పోయినట్టే కనపడుద్ది, కాబట్టి ఇవాళే చెక్ చేసుకోండి. ఇద్దరు ఒకే ల్యాప్‌టాప్ మీద కూర్చుని రాస్తే కమిట్ మెసేజ్ చివర కో-ఆథర్డ్-బై లైన్ పెడితే ఇద్దరి పేరూ పడుద్ది.

వారానికి రెండు మూడు సార్లు ఓ 15 నిమిషాలు నిలబడి మాట్లాడుకోండి చాలు, క్యాంటీన్ దగ్గరైనా సరే. ఏం అయ్యింది, ఏం చేస్తున్నావ్, ఎక్కడ ఆగావ్. మాట్లాడాక ఎవరో ఒకరు గ్రూప్‌లో రెండు లైన్లు రాసి పెట్టాలి, అదే తర్వాత సాక్ష్యం.

ఇప్పుడు అందరూ అడిగేది, పని చెయ్యనివాడితో ఎలా? ముందు గ్రూప్‌లో అందరి ముందు తిట్టకండి, విడిగా అడగండి. చాలాసార్లు కారణం బద్ధకం అయ్యుండదు, వాడికి పాత సబ్జెక్టులు ఉండిపోయి ఉంటాయి, సీఆర్‌టీ (ప్లేస్‌మెంట్ ట్రైనింగ్) క్లాసులు ఉంటాయి, లేదా అసలు కోడింగ్ రాక చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ ఉంటాడు. "రేయ్, గేట్ స్క్రీన్‌లో రోల్ నంబర్ సెర్చ్ ఒక్కటి చెయ్యరా, శుక్రవారం లోపు, ఆగిపోతే రాత్రి నా రూమ్‌కి రా కలిసి చేద్దాం" అని చిన్న పని, తేదీ పెట్టి ఇవ్వండి. "నువ్వు బ్యాకెండ్ చూసుకో" అంటే అది పని కాదు. రెండు సార్లు ఇలా ఇచ్చినా కదలకపోతే అప్పుడు గ్రూప్‌లో రాయండి, అప్పటికీ కాకపోతే సెమిస్టర్ సగంలోనే గైడ్‌కి చెప్పండి, చాడీలా కాకుండా "మేడమ్, ఈ ఫీచర్ ఆగిపోయింది, మేము ముగ్గురం ఇలా సర్దుకుందాం అనుకుంటున్నాం" అని. ఆఖరి వారంలో చెప్తే ఆవిడ కూడా ఏం చెయ్యలేరు. అలాగే లేటయ్యింది కదా అని చివర్లో పక్క బ్యాచ్ ఫ్రెండ్‌ని పిలిచి కోడ్ రాయించుకోవాలని చూడకండి, వాడికి మీ కోడ్ అర్థమయ్యేలా చెప్పడానికే మీ టైమ్ పోద్ది. ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ మాట చెప్పాడు, లేటైన ప్రాజెక్ట్‌లో మనుషుల్ని పెంచితే ఇంకా లేటవుద్దని.

యూఎంఎల్ బొమ్మలు నెట్‌లోంచి తెచ్చి అతికించొద్దు. క్లాస్ డయాగ్రామ్‌లో ఉన్న పేర్లు, కోడ్‌లో ఉన్న పేర్లు ఒకటే ఉండాలి, "ఈ సీక్వెన్స్ డయాగ్రామ్‌లో మూడో బాణం కోడ్‌లో ఎక్కడుంది చూపించు" అని వైవాలో అడుగుతారు. అమీర్‌పేట్‌లో ప్రాజెక్ట్ కొనుక్కున్నవాళ్లు దొరికేది కూడా సరిగ్గా ఇక్కడే. ఏఐతో రాయించిన కోడ్‌కీ అదే రూల్ పెట్టుకోండి, వివరించలేని లైన్ మెర్జ్ అవ్వకూడదు.

టెస్టింగ్ అంటే అన్నీ సరిగ్గా నొక్కి పాస్ అని రాయడం కాదు కదా. ఓకే బటన్ రెండుసార్లు నొక్కితే రెండు పాస్‌లు పడుతున్నాయా, వార్డెన్ రిజెక్ట్ చేశాక స్టూడెంట్ పాత స్క్రీన్‌షాట్ చూపిస్తే గేట్ దగ్గర తెలుస్తుందా, ఇలాంటివి వెతకండి. దొరికిన బగ్స్ దాచకుండా గిట్‌హబ్ ఇష్యూస్‌లో (బగ్స్, పనులు రాసుకునే చోటు) రాయండి.

ఎంఎస్‌కి అమెరికా వెళ్లేవాళ్లకి ఒక మాట. అక్కడ కూడా గ్రూప్ ప్రాజెక్టే ఉంటుంది కానీ చాలా చోట్ల టీమ్‌మేట్స్ ఒకరికొకరు విడిగా రేటింగ్ ఇస్తారు, దాన్ని బట్టి ఒకే టీమ్‌లో గ్రేడ్‌లు మారొచ్చు. మీటింగ్‌లో ఇంగ్లీష్‌లో మాట్లాడటానికి మొహమాటపడి చేసిన పని చెప్పుకోకపోతే చెయ్యనట్టే లెక్క, మాట్లాడలేకపోతే ఇష్యూల్లో, పుల్ రిక్వెస్ట్‌ల్లో వివరంగా రాయండి. పోయిన సెమిస్టర్ చేసిన మన సీనియర్ కోడ్ తీసుకుని వాడటం మాత్రం వద్దు, ఇక్కడ చూసీ చూడనట్టు వదిలేసేది అక్కడ అకడమిక్ ఇంటెగ్రిటీ కేసు అవుద్ది.

డెమోకి రెండు రోజుల ముందు నుంచి కొత్త ఫీచర్లు బంద్. ఫ్రీ హోస్టింగ్‌లో కొన్ని, ఉదాహరణకి రెండర్ అనే సైట్ ఫ్రీ ప్లాన్, 15 నిమిషాలు ఎవరూ వాడకపోతే నిద్రలోకి వెళ్లిపోతాయి, మళ్లీ లేవడానికి టైమ్ పడుద్ది, కాబట్టి మీ వంతు రాకముందే లింక్ ఓపెన్ చేసి పెట్టుకోండి. కాలేజ్ వైఫై మీద ఆధారపడకుండా ఫోన్ హాట్‌స్పాట్ రెడీగా, ఒక స్క్రీన్ రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో. డేటాబేస్‌లో టెస్ట్1, ఏబీసీడీ లాంటి పేర్లు తీసేసి నిజంగా ఉండేలాంటి ఎంట్రీలు పెట్టండి. ఎవరి ఫీచర్ వాళ్లే చూపించాలి, బాగా మాట్లాడేవాడు ఒక్కడే మొత్తం చెప్పెయ్యకూడదు.

డెమో అయిపోయాక రిపోలో రీడ్‌మీ ఫైల్ సరిచెయ్యండి, ఎలా రన్ చెయ్యాలో, ఎవరు ఏ ఫీచర్ చేశారో రాసి. రెజ్యూమేలో ఆ లింకే పెడతారు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఓపెన్ చేస్తే మొదట కనపడేది అదే.