పాత మెయిళ్లు మాయమవుతున్నాయా? ముందు వెబ్‌మెయిల్ తెరవండి

సమస్య: ఆఫీసు ఖాతాలో నిన్నటి మెయిల్ ఉంది, మొన్నటిదీ ఉంది. పోయిన నెలది కావాలంటే మాత్రం ఫోన్‌లోనూ లేదు, కొత్త కంప్యూటర్‌లోనూ లేదు. ఎవరిని అడిగినా "నేను డిలీట్ చేయలేదండి" అనే అంటారు. నిజంగానే వాళ్లు చేసి ఉండరు.

భీమవరం, నరసాపురం చుట్టుపక్కల రొయ్యల ఎగుమతి ఆఫీసుల్లో, రైస్ మిల్లుల్లో ఒకే ఖాతాను యజమాని ఫోన్‌లో, అకౌంటెంట్ కంప్యూటర్‌లో, ప్లాంట్‌లో ఒక ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటారు. ఈ ఫిర్యాదు రాగానే చాలామంది చేసే పని ఖాతా తీసేసి మళ్లీ పెట్టడం. దయచేసి ఆగండి. ముందు బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్, అంటే మీ మెయిల్ సంస్థ వెబ్‌సైట్‌లోనే కనిపించే మెయిల్‌బాక్స్, తెరవండి. మెయిల్ అక్కడ ఉంటే తప్పు మీ కంప్యూటర్ సెట్టింగ్‌లో ఉంది. అక్కడా లేకపోతే ఈ కంప్యూటర్‌లో ఎంత వెతికినా దండగే, సర్వర్ (మెయిల్ సంస్థ దగ్గర మెయిళ్లు నిలవుండే కంప్యూటర్) మీంచే అవి పోతున్నాయి. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి రోజంతా పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

అసలు కారణం దాదాపు ఎప్పుడూ పాప్ సెట్టింగే. సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే పద్ధతులు రెండు: పాప్ (POP), ఐమ్యాప్ (IMAP). ఐమ్యాప్‌లో మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది, అన్ని చోట్లా ఒకేలా కనిపిస్తుంది. పాప్ మాత్రం మెయిల్‌ను తానున్న కంప్యూటర్‌లోకి దించుకుని, సెట్టింగ్‌ను బట్టి సర్వర్ మీద చెరిపేస్తుంది. కాలువ పైన ఎవరో ఇంజను పెట్టి తోడేస్తుంటే శివారు చేలకు నీళ్లు అందవు కదా, అదే సంగతి.

దించుకున్న వెంటనే సర్వర్ మీద చెరిపేస్తే సులువుగా దొరికిపోతుంది: టెస్ట్ మెయిల్ పంపితే కాసేపటికే వెబ్‌మెయిల్‌లో ఉండదు. నన్ను దెబ్బతీసింది ఇంకో రకం. మెయిల్ చూసే అవుట్‌లుక్ ప్రోగ్రామ్‌లో పాప్ ఖాతా పెడితే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో "సర్వర్‌లో కాపీ ఉంచు" అన్న టిక్ ఉంటుంది. దాన్ని చూసి ధైర్యపడతాం. దాని కిందే "14 రోజుల తర్వాత తీసెయ్యి" అన్న టిక్ కూడా మామూలుగా పడే ఉంటుంది. ఒక ఎగుమతి ఆఫీసులో నేను టెస్ట్ మెయిల్ పంపాను, అన్ని చోట్లా వచ్చింది, అంతా బాగుందని చెప్పి వచ్చేశాను. మూడు వారాలకు యజమాని ఫోన్: "బయ్యర్ పంపిన ఆర్డర్ మెయిల్ మొన్నటిదాకా ఉందండి, ఇప్పుడు లేదండి." ఆయన గొంతులో టెన్షన్ నాకింకా గుర్తుంది. వెబ్‌మెయిల్‌లో అన్నిటికంటే పాత మెయిల్ తేదీ చూశాను. ఆ రోజు 20, ఆ మెయిల్ 6వ తేదీది. మర్నాడు చూస్తే 7వ తేదీకి జరిగింది. రోజుకొక రోజు జరుగుతోందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

తోడేస్తున్నది ప్లాంట్ కాటా గదిలో పాత డెస్క్‌టాప్. స్లిప్పులు ప్రింట్ చేయడానికే వాడుతున్నారు. మీద ప్లాస్టిక్ కవర్, వెనక మూడేళ్ల దుమ్ము. ఆన్ చేయగానే అవుట్‌లుక్ దానంతటదే తెరుచుకుని, ఎవరూ చూడకుండానే మెయిల్ దించుకుంటోంది.

అలాంటిది ఎక్కడుందో తెలియకపోతే, యజమానికి చెప్పి సాయంత్రం పని అయ్యాక పాస్‌వర్డ్ మార్చండి. తోడటం అప్పటికప్పుడే ఆగిపోతుంది. మర్నాడు ఏ కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగితే దాని దగ్గరికి వెళ్లండి.

వెళ్లగానే ఖాతా తీసేయకండి. పోయాయనుకున్న మెయిళ్లన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి, అక్కడి నుంచి పంపినవి కూడా. అవుట్‌లుక్ మూసి, డాక్యుమెంట్స్‌లో అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డర్‌లోని, దించుకున్న మెయిళ్లుండే పీఎస్‌టీ (.pst) ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఫైలు అక్కడ లేకపోతే అకౌంట్ సెట్టింగ్స్‌లో డేటా ఫైల్స్ ట్యాబ్ దారి చూపిస్తుంది. తర్వాత 14 రోజుల టిక్ తీసేసి, అప్పుడు కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. పాప్ ఖాతాను ఐమ్యాప్‌గా మార్చడం అవుట్‌లుక్‌లో కుదరదు, అదే చిరునామాతో ఐమ్యాప్ ఖాతా కొత్తగా పెట్టాలి. ఆ ఖాతా సెట్టింగ్‌లో పోర్టు (సర్వర్‌తో కలిసే నంబరు) 993, భద్రతకు ఎస్ఎస్ఎల్ (SSL) ఎంచుకోండి. మెయిల్‌బాక్స్‌లో జాగా ఉందో లేదో చూసుకుని, పాత ఫోల్డర్లలోని మెయిళ్లను కొద్దికొద్దిగా ఐమ్యాప్ ఫోల్డర్లలోకి కాపీ చేయండి, అవి సర్వర్‌కి ఎక్కుతాయి. అన్నీ ఎక్కాయని వెబ్‌మెయిల్‌లో చూసుకున్నాకే పాప్ ఖాతా తీసేయండి. ఇకమీదట ఒకచోట డిలీట్ చేస్తే అన్ని చోట్లా పోతుందని సిబ్బందికి ఆ రోజే చెప్పాలి.

మెయిల్ వస్తోంది గానీ వెళ్లడం లేదంటే అది వేరే సమస్య: పంపే పోర్టు 25 ఉంటే 587 చేసి, ఆథెంటికేషన్ టిక్ పెట్టండి. సర్వర్ సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిక వస్తే కంప్యూటర్‌లో తేదీ చూడండి, అది తప్పుగా ఉంటే మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. యాంటీవైరస్ అడ్డుపడటం చాలా అరుదు, దానితో మొదలుపెట్టకండి.

పాప్ తీసేసిన పదిహేనో రోజున వెబ్‌మెయిల్‌లో అన్నిటికంటే పాత మెయిల్ తేదీ మళ్లీ చూడండి. ఆ తేదీ మళ్లీ ముందుకు జరిగిందంటే ఇంకో కంప్యూటర్ ఎక్కడో మిగిలిపోయినట్టే.